ఆల్జీబ్రా డేటా సఫిషియెన్సీ: జవాబు కట్టకుండానే 'చాలు, చాలదు' తేల్చడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో ఐసెట్‌కి (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష) చదివేవాళ్లయినా, విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట జీమ్యాట్ (బిజినెస్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) పుస్తకం తెరిచేవాళ్లయినా అడిగేది దాదాపు ఒకటే. 'సమీకరణాలు బాగానే వచ్చు. మామూలు లెక్కయితే తప్పదు. డేటా సఫిషియెన్సీకి వచ్చేసరికి మార్కులు పోతున్నాయి. ఎక్కడ పోతున్నాయో మాత్రం అంతుపట్టడం లేదు.'

డేటా సఫిషియెన్సీ అంటే ఒక ప్రశ్న, దాని కింద (1), (2) అని రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు. జవాబు ఎంతో చెప్పనక్కర్లేదు, దాన్ని తేల్చడానికి ఆ సమాచారం చాలుతుందా లేదా అన్నదే చెప్పాలి. మార్కులు ఎక్కువగా పోయేది స్టేట్‌మెంట్ల దగ్గర కాదు, అంతకన్నా ముందే. ప్రశ్న సగం చదవగానే కళ్లు కిందికి దూకుతాయి. అసలు ఏం అడిగారో తేల్చుకోకుండానే చెయ్యి లెక్క మొదలుపెట్టేస్తుంది. అందుకే ఇక్కడ మొదటి ఐదు అడుగుల్లో ప్రశ్న మీదే పని ఉంటుంది. స్టేట్‌మెంట్లతో అసలు పని ఆరో అడుగులో మొదలవుతుంది.

1. ముందు మీ పరీక్ష ఆప్షన్ల వరుస బట్టీ పట్టండి

జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు, ఎప్పుడూ ఇదే వరుస:

- ఏ: (1) ఒక్కటే చాలు, (2) ఒక్కటే చాలదు
- బీ: (2) ఒక్కటే చాలు, (1) ఒక్కటే చాలదు
- సీ: విడివిడిగా చాలవు, రెండూ కలిస్తే చాలు
- డీ: రెండిట్లో ఏది తీసుకున్నా అదొక్కటే చాలు
- ఈ: రెండూ కలిసినా చాలవు

బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పేపర్లలోనూ ఇవే ఐదు ఉంటాయి గానీ వరుస మారిపోతుంది. చాలాసార్లు 'ఏదో ఒకటి చాలు' మూడోది, 'కలిసినా చాలవు' నాలుగోది, 'రెండూ కావాల్సిందే' ఐదోది. జీమ్యాట్ మెటీరియల్‌తో ప్రాక్టీసు చేసి బ్యాంకు పరీక్ష రాసేవాళ్లు లెక్క సరిగ్గా చేసి కూడా తప్పు బటన్ నొక్కేది ఇక్కడే.

ఐసెట్ తరహాలో ఆప్షన్లు నాలుగే: మొదటిది చాలు, రెండోది చాలు, రెండూ కలిస్తేనే చాలు, కలిసినా చాలవు. 'ఏదైనా ఒక్కటే చాలు' అనేది ఉండదు. కాబట్టి మాక్ టెస్టు రాసే ప్రతిసారీ సెక్షన్ మొదట్లో ఇచ్చిన సూచన ఒకసారి చదవండి. అయిదు సెకన్ల పని.

టైము లెక్క కూడా పరీక్షను బట్టి మారుతుంది. ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. అందులో డేటా సఫిషియెన్సీ 20 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. జీమ్యాట్‌కి 2023 నవంబరులో కొత్త రూపం వచ్చాక ఈ ప్రశ్నలు మ్యాథ్స్ సెక్షన్ నుంచి డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌కి మారాయి. అక్కడ అన్ని రకాలూ కలిపి 20 ప్రశ్నలకు 45 నిమిషాలు, సగటున ప్రశ్నకు రెండుంపావు నిమిషాలు. స్క్రీన్ మీద కాలిక్యులేటర్ కూడా ఉంటుంది. ఆల్జీబ్రా ప్రశ్నకు దాన్ని తెరవాలనిపిస్తే మాత్రం ఎక్కడో దారి తప్పారనే అనుమానించండి.

2. చేతిలో ఉండాల్సిన సరంజామా

పెద్దగా ఏమీ అక్కర్లేదు. కానీ ఉన్నవి తడుముకోకుండా రావాలి.

- 1 నుంచి 25 వరకు వర్గాలు, 1 నుంచి 10 వరకు ఘనాలు
- (ఎక్స్ + వై)², (ఎక్స్ − వై)², ఎక్స్² − వై² సూత్రాలు, రెండు వైపుల నుంచీ
- రెండు సరళ సమీకరణాలు ఎప్పుడు ఒకటే గీత అవుతాయి, ఎప్పుడు సమాంతరం అవుతాయి అనే షరతు (పదో తరగతి పాఠమే)
- పరీక్షించే ఏడు సంఖ్యలు: −2, −1, −1/2, 0, 1/2, 1, 2

ఆ ఏడే ఎందుకంటే, వర్గం చేసినా ఘనం చేసినా సంఖ్యలు ప్రవర్తించే తీరు నాలుగు చోట్ల మారుతుంది: −1 కన్నా తక్కువ, −1కీ 0కీ మధ్య, 0కీ 1కీ మధ్య, 1 పైన. ఒక్కో చోటు నుంచి ఒక్కోటి, సరిహద్దుల్లో ఉన్న మూడు, మొత్తం ఏడు. చాలామంది 2, 3, 5 వేసి చూసి 'అన్నిటికీ అవుతోంది' అనేస్తారు. ఆ మూడూ ఒకే చోటి సంఖ్యలు, మూడు వేసినా ఒకటి వేసినట్టే.

3. ప్రశ్న ఏ రకమో రాయండి: విలువా, అవును–కాదా?

విలువ అడిగితే ఒకే ఒక్క విలువ రావాలి. రెండు వస్తే చాలదు. 'అవుతుందా?' అని అడిగితే ఎప్పుడూ 'అవును' లేదా ఎప్పుడూ 'కాదు' రావాలి. ఒకసారి అవును, ఒకసారి కాదు వస్తేనే చాలదు.

'కాదు' దగ్గరే పడిపోతారు. ఉదాహరణకి: ఎక్స్ ధన సంఖ్యేనా? (1) 2ఎక్స్ + 9 = 1.

ఎక్స్ = −4 వస్తుంది. ధన సంఖ్య కాదు. ఇక్కడ చెయ్యి 'చాలదు' వైపు పోతుంది, ఎందుకంటే మనసులో 'కాదు' అనే మాట మెదిలింది. కానీ ప్రశ్నకు ఖచ్చితమైన సమాధానం దొరికింది కదా, 'కాదు' అని. కాబట్టి (1) చాలు. రఫ్ మీద 'అవును/కాదు' ఒక చోట, 'చాలు/చాలదు' ఇంకో చోట రాసుకుంటే రెండూ కలగాపులగం కావు.

4. ప్రశ్నలో ఇచ్చిన షరతుల కింద గీత గీయండి

స్టేట్‌మెంట్లు రాకముందే ప్రశ్న మనకు కొంత ఇచ్చేస్తుంది. దాన్ని విడిగా రఫ్‌లో రాసుకోవాలి.

- 'పూర్ణసంఖ్య' అంటే రుణ సంఖ్యలూ, సున్నా కూడా ఉన్నాయి. భిన్నాలు మాత్రం లేవు.
- 'ధన సంఖ్య' అంటే సున్నా పోయింది, భిన్నాలు పోలేదు.
- 'ఎక్స్ ≠ 0' అంటే ఎక్స్‌తో భాగించవచ్చు. కానీ గుర్తు ధనమో రుణమో ఇంకా తెలియదు.
- ఏమీ చెప్పకపోతే భిన్నం, రుణం, సున్నా అన్నీ ఉన్నాయనే లెక్క.
- మనుషులు, బస్సులు, పుస్తకాలు లెక్కపెడుతుంటే ఆ సంఖ్య భిన్నం కాదు, రుణం కాదు. ఇది ఎవరూ రాసి ఇవ్వరు, మనమే పట్టుకోవాలి.

5. ప్రశ్నను చిన్నది చేయండి (అసలు పని ఇదే)

స్టేట్‌మెంట్లను చేత్తో మూసేసి, ప్రశ్నను వీలైనంత కుదించండి. ఒకటి చేసి చూద్దాం.

ప్రశ్న: ఎక్స్ ≠ వై అయితే (ఎక్స్² − వై²) / (2ఎక్స్ − 2వై) విలువ ఎంత?
(1) 3ఎక్స్ = 42 − 3వై
(2) ఎక్స్² + 2ఎక్స్వై + వై² = 196

పైన (ఎక్స్ − వై)(ఎక్స్ + వై), కింద 2(ఎక్స్ − వై). ఎక్స్, వై సమానం కాదని చెప్పారు కాబట్టి కొట్టేయవచ్చు. మిగిలింది (ఎక్స్ + వై)/2. అంటే ప్రశ్న 'ఎక్స్ ఎంత, వై ఎంత' అని కాదు, 'ఎక్స్ + వై ఎంత' అని.

ఇప్పుడు (1) చూడండి: 3ఎక్స్ + 3వై = 42, మొత్తం 14. చాలు. (2) చూడండి: (ఎక్స్ + వై)² = 196, కాబట్టి ఎక్స్ + వై = 14 లేదా −14. రెండు విలువలు, చాలదు. జవాబు ఏ.

ప్రశ్న కుదించనివాళ్లు ఇక్కడ రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. 'రెండు చరరాశులు, ఒక్కటే సమీకరణం, చాలదు' అని (1)ని కొట్టేస్తారు. లేదా (2)లో −14ని మర్చిపోయి డీ పెడతారు. ప్రశ్నలో 'ధన సంఖ్యలు' అన్న ఒక్క మాట చేర్చండి, అప్పుడు డీనే సరైన జవాబు. నాలుగో అడుగు అంత ముఖ్యం అనేది ఇందుకే.

అవును–కాదు ప్రశ్నలూ ఇలాగే కుదురుతాయి. '5ఎక్స్ − 2వై > 2ఎక్స్ + వై అవుతుందా?' అంటే అటుదిటు జరిపితే 3ఎక్స్ > 3వై, చివరికి 'ఎక్స్ > వై అవుతుందా?' అంతే.

ఒక్క జాగ్రత్త. 'ఎక్స్/వై > 1 అవుతుందా?' అన్నదాన్ని 'ఎక్స్ > వై అవుతుందా?' అని మార్చకూడదు. వై రుణమైతే గుర్తు తిరగబడుతుంది. వై ధనమని ప్రశ్నలో ఉంటేనే ఆ మార్పు చెల్లుతుంది.

6. ఇప్పుడు స్టేట్‌మెంట్లు, ఒక్కొక్కటే

వరుస ఇది. జీమ్యాట్ ఆప్షన్లతో చెబుతున్నాం, మీ పరీక్షకు తగ్గట్టు మార్చుకోండి.

1. (1) మాత్రమే చూడండి. చాలు అనిపిస్తే మిగిలేవి ఏ, డీ. చాలదంటే బీ, సీ, ఈ. రఫ్‌లో 'ఏడీ' లేదా 'బీసీఈ' అని రాసేయండి.
2. (1)ని చేత్తో మూసి (2) చూడండి. (1)లో వచ్చిన విలువలేవీ ఇక్కడికి మోసుకురాకూడదు. ప్రశ్నలోని షరతులు మాత్రం వస్తాయి.
3. 'ఏడీ' మిగిలి ఉంటే పని అయిపోయింది: (2) చాలితే డీ, లేకపోతే ఏ.
4. 'బీసీఈ' మిగిలి, (2) చాలితే బీ. చాలకపోతేనే రెండూ కలపండి.

కలపడం అనేది చివరి మెట్టు. అది కూడా విడివిడిగా రెండూ చాలవని తేలాకే. (1) గజిబిజిగా ఉండి (2) తేలిగ్గా ఉంటే (2)తోనే మొదలుపెట్టండి. అప్పుడు చాలితే బీ, డీ మిగులుతాయి, చాలకపోతే ఏ, సీ, ఈ.

ఇంకో ఉపాయం. జీమ్యాట్‌లో రెండు స్టేట్‌మెంట్లూ నిజమే, ఒకదాన్నొకటి కొట్టుకోవు. (1)తో ఎక్స్ = 3, (2)తో ఎక్స్ = 7 వచ్చి డీ పెట్టబోతుంటే ఆగండి. రెండిట్లో ఒక లెక్క తప్పింది.

7. సరళ సమీకరణాలు: 'రెండు తెలియనివి, రెండు సమీకరణాలు' సూత్రాన్ని నమ్మకండి

ఆ సూత్రం మూడు చోట్ల బోల్తా కొట్టిస్తుంది.

మొదటిది, రెండు సమీకరణాలూ నిజానికి ఒకటే అయినప్పుడు. (1) 2ఎక్స్ + 3వై = 12. (2) 6వై = 24 − 4ఎక్స్. పదాలు అటూ ఇటూ మార్చి ఇస్తారు, చూడగానే తెలియదు. రెండోదాన్ని 4ఎక్స్ + 6వై = 24 అని సర్దితే మొదటిదానికి రెట్టింపని బయటపడుతుంది. ఎక్స్ ఎంత అంటే కలిపినా చాలదు, ఈ. కలిపే ముందు రెండిటినీ ఒకే పద్ధతిలో, ఎక్స్ కింద ఎక్స్, వై కింద వై వచ్చేలా రాయడం అలవాటు చేసుకోండి.

రెండోది, మొత్తమో సగటో అడిగినప్పుడు. ఎక్స్ + వై + జెడ్ ఎంత? (1) ఎక్స్ + 2వై + 3జెడ్ = 20. (2) 3ఎక్స్ + 2వై + జెడ్ = 24. మూడు తెలియనివి, రెండే సమీకరణాలు. అయినా కూడితే 4ఎక్స్ + 4వై + 4జెడ్ = 44, కావలసింది 11. జవాబు సీ.

ఇదే సంగతి మాటల లెక్కలో ఇలా వస్తుంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు మేలు రకం క్వింటా 18,000 రూపాయలకు, తాలు కాయలు క్వింటా 8,000కు అమ్మాడనుకోండి (ధరలు లెక్క కోసం వేసుకున్నవి). మొత్తం సరుకు మీద క్వింటాకు సగటున ఎంత పడింది? (1) మేలు రకం బరువు తాలుకు 4 రెట్లు. (2) మొత్తం సరుకు 25 క్వింటాళ్లు.

సగటుకు కావలసింది నిష్పత్తి, బరువు కాదు. (1)తో (4 × 18,000 + 8,000)/5 = 16,000. చాలు. (2)తో ఏ రకం ఎంతో తెలియదు, చాలదు. జవాబు ఏ. కానీ రెండూ కలిపితే 20 క్వింటాళ్లు, 5 క్వింటాళ్లు అని విడివిడి బరువులు కూడా ముద్దుగా వచ్చేస్తాయి కాబట్టి సీ మీద చెయ్యి పడుతుంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేటప్పుడు ఒక వేగం, వచ్చేటప్పుడు ఇంకో వేగం ఇచ్చి రానుపోను సగటు వేగం అడిగినా ఇంతే, దూరం అక్కర్లేదు.

మూడోది, పూర్ణసంఖ్యలు దాగి ఉన్నప్పుడు. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి.

ప్రశ్న: ఒక విద్యార్థి 23 రూపాయల నోట్‌బుక్కులు కొన్ని, 15 రూపాయల పెన్నులు కొన్ని కొన్నాడు. నోట్‌బుక్కులు ఎన్ని?
(1) మొత్తం బిల్లు 220 రూపాయలు
(2) మొత్తం 12 వస్తువులు కొన్నాడు

(1)తో 23ఎక్స్ + 15వై = 220. ఒకే సమీకరణం, ఇంకేం చాలుతుంది అనిపిస్తుంది. కానీ సగం నోట్‌బుక్ ఎవరూ అమ్మరు. 220లోంచి 23 చొప్పున తీస్తూ, మిగిలింది 15తో పోతుందేమో చూడండి: 197, 174, 151, 128, 105, 82, 59, 36, 13. పదిహేనుతో భాగం పోయేది 105 ఒక్కటే. అంటే 5 నోట్‌బుక్కులు, 7 పెన్నులు, ఇంకో దారి లేదు. (1) ఒక్కటే చాలు, (2) ఒక్కటే చాలదు. జవాబు ఏ.

ధరలు 20, 10 అయి ఉంటే 220 రూపాయలకు బోలెడు జతలు కుదురుతాయి, అప్పుడు సీ. కాబట్టి 'పూర్ణసంఖ్యలు ఉన్నాయంటే ఒక్కటే చాలు' అని ఇంకో గుడ్డి సూత్రం పెట్టుకోవద్దు. ధరలు పొంతన లేని సంఖ్యలై, మొత్తం చిన్నదైతే లెక్కపెట్టి చూడాల్సిందే. ఎన్నాళ్లు ప్రాక్టీసు చేసినా దీనికి దొంగదారి లేదు.

8. వర్గ సమీకరణాలు: రెండు మూలాలు వచ్చినంత మాత్రాన 'చాలదు' కాదు

రెండు మూలాలు రాగానే 'చాలదు' అని పెట్టేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒక మూలం షరతులకు విరుద్ధమా? హాల్లో వరుసకు ఉన్న కుర్చీలు వరుసల సంఖ్య కన్నా 4 ఎక్కువ, మొత్తం 45 కుర్చీలు అంటే ఎక్స్² + 4ఎక్స్ − 45 = 0. మూలాలు 5, −9. వరుసలు మైనస్ తొమ్మిది ఉండవు. చాలు.

అడిగింది ఎక్స్‌నేనా? (ఎక్స్ − 2)² విలువ అడిగి, ఎక్స్² − 4ఎక్స్ = 5 అని ఇస్తే మూలాలు 5, −1. రెండిటితోనూ (ఎక్స్ − 2)² = 9. చాలు.

రెండు స్టేట్‌మెంట్లలో ఒకే మూలం ఉమ్మడిగా ఉందా? ఎక్స్² − ఎక్స్ − 6 = 0 ఇచ్చేవి 3, −2. ఎక్స్² − 8ఎక్స్ + 15 = 0 ఇచ్చేవి 3, 5. కలిపితే 3 ఒక్కటే. సీ.

ఇంకొకటి, పాత జబ్బే: ఎక్స్² = 7ఎక్స్ అని ఇస్తే ఎక్స్‌తో రెండు వైపులా కొట్టేసి 7 అంటారు. సున్నా పోయింది. కొట్టేయకుండా ఎక్స్(ఎక్స్ − 7) = 0 అని రాయండి.

9. అసమానతలు: ఏడు సంఖ్యలు పనికొచ్చేది ఇక్కడే

ప్రశ్న: ఎక్స్ > 1 అవుతుందా?
(1) ఎక్స్² > ఎక్స్
(2) ఎక్స్³ > ఎక్స్

(1): ఎక్స్ = 2 పెడితే 4 > 2, నిజం. ప్రశ్నకు 'అవును'. ఎక్స్ = −2 పెడితే 4 > −2, నిజం. ప్రశ్నకు 'కాదు'. చాలదు, బీసీఈ.

(2): 2 పెడితే 8 > 2, 'అవును'. −2 పెడితే −8 > −2 తప్పు, కాబట్టి −2 ఇక్కడ వాడకూడదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి 'రుణ సంఖ్యలు పోయాయి, (2) చాలు' అని బీ పెడతారు. −1/2 పెట్టండి: −1/8 > −1/2, నిజం. ప్రశ్నకు 'కాదు'. చాలదు.

రెండూ కలిపి: −1/2 మొదటిదాన్నీ తీరుస్తుందా? 1/4 > −1/2, తీరుస్తుంది. అంటే 2, −1/2 రెండూ రెండు స్టేట్‌మెంట్లకూ సరిపడ్డాయి, ప్రశ్నకు వేరువేరు సమాధానాలిచ్చాయి. జవాబు ఈ.

సంఖ్యలు వేసే పద్ధతి ఇదీ: ముందు స్టేట్‌మెంట్ నిజమవుతుందో లేదో చూడాలి, అయితేనే ప్రశ్నకు సమాధానం చూడాలి. 'అవును' ఒకటి దొరికాక మరో 'అవును' కోసం కాదు, 'కాదు' కోసం వెతకాలి. నాలుగు చోట్లా వెతికినా దొరకకపోతే అప్పుడు ఆల్జీబ్రాతో రుజువు చేయండి. సంఖ్యలు 'చాలదు' అని నిరూపిస్తాయి, 'చాలు' అని మాత్రం నిరూపించలేవు.

నిబంధనలు క్లుప్తంగా:

- ఒకే దిక్కున్న రెండు అసమానతలను కూడవచ్చు, తీసివేయకూడదు.
- గుర్తు తెలియని చరరాశితో గుణించకూడదు, భాగించకూడదు.
- ఎక్స్² > వై² నుంచి ఎక్స్ > వై రాదు (−3, 2 పెట్టి చూడండి). ఎక్స్³ > వై³ నుంచి వస్తుంది.

పూర్ణసంఖ్య అనే షరతు అసమానతలో కూడా ఒకే విలువ ఇవ్వగలదు. పూర్ణసంఖ్య ఎన్ ఎంత? (1) 7 < 2ఎన్ < 11. (2) 10 < 3ఎన్ < 15. మొదటిదాంట్లో 4, 5 పడతాయి. రెండోదాంట్లో 3.33కీ 5కీ మధ్య 4 ఒక్కటే. జవాబు బీ.

10. పరమ మూల్యం, ఘాతాలు

వీటికి కొత్త పద్ధతేమీ లేదు, మర్చిపోయే విలువలే ఉంటాయి. |ఎక్స్ − 3| = 5 అంటే 8, −2 రెండూ. |ఎక్స్| = ఎక్స్ అంటే ఎక్స్ ధనం అని కాదు, సున్నా కూడా కావచ్చు. ఎక్స్ ఘాతం వై = 1 అంటే మూడు దారులు: వై సున్నా (ఎక్స్ సున్నా కాకుండా), ఎక్స్ ఒకటి, ఎక్స్ −1 అయి వై సరి సంఖ్య.

11. ఎక్కడ తప్పుతుంది, ఎలా సర్దుకోవాలి

- (1)లోని సమాచారం (2)లోకి జారడం. మొదటిది చూశాక రెండోది 'తేలిగ్గా చాలినట్టు' కనిపిస్తుంది. చేత్తో మూయడం, స్క్రీన్ మీదైతే (2)ని మాత్రమే రఫ్‌లో మళ్లీ రాయడం ఒక్కటే మందు.
- చివరిదాకా లెక్క కట్టడం. ఒకే విలువ వస్తుందని తేలిపోయాక ఆపేయండి. 17ఎక్స్ = 391 దగ్గరికి వచ్చాక భాగించే పని లేదు. పూర్ణసంఖ్య షరతు ఉంటే, వర్గమూలం తీయాల్సి ఉంటే మాత్రం ఆపకండి.
- సీ మరీ తేలిగ్గా రావడం. రెండూ కలిపితే జవాబు కళ్లముందే ఉందంటే, ఒక్కటే చాలుతుందేమోనని ఇంకోసారి చూడండి. పైన నోట్‌బుక్కుల ప్రశ్న అలాంటిదే.
- అర్థం కాక ఈ పెట్టడం. 'నాకు చేతకాలేదు' వేరు, 'చాలదు' వేరు. ఈ పెట్టాలంటే రెండు స్టేట్‌మెంట్లకూ సరిపడి, వేరువేరు సమాధానాలిచ్చే రెండు విలువలు మీ రఫ్‌లో ఉండాలి.
- టైము అయిపోవడం. ఒక స్టేట్‌మెంట్ తేలినా ఐదు ఆప్షన్లలో రెండో మూడో ఎగిరిపోతాయి. ఐసెట్‌లో నెగెటివ్ లేదు కాబట్టి మిగిలినవాటిలో ఒకటి పెట్టి కదలండి. బ్యాంకు పరీక్షలో తప్పుకి పావు వంతు కోత ఉంటుంది. మూడు మిగిలినా పెట్టడమే లాభం, ఐదూ మిగిలితే వదిలేయండి.

12. ప్రాక్టీసు ఎలా చేయాలి

మొదటి వారం గడియారం పెట్టకండి. రోజుకు పది ప్రశ్నలు చాలు, కానీ ప్రతిదానికీ ఐదో అడుగులో కుదించిన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయాలి. రాయలేకపోతే స్టేట్‌మెంట్లకు వెళ్లకూడదు. విసుగ్గానే ఉంటుంది.

రెండో వారం నుంచి తప్పుల పుస్తకం. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గళ్లు: ప్రశ్న, పెట్టిన ఆప్షన్, సరైన ఆప్షన్, కారణం. కారణం 'అజాగ్రత్త' అని రాయొద్దు, దానివల్ల ఏమీ తెలియదు. 'సున్నా మరిచాను', 'రుణ భిన్నం చూడలేదు', '(1)ని మోసుకొచ్చాను', 'కాదుని చాలదనుకున్నాను' అని రాయండి. యాభై ప్రశ్నలయ్యాక లెక్కపెడితే మీ బలహీనత రెండు మూడు కారణాల్లోనే కుప్పపడి కనిపిస్తుంది.

సరిగ్గా చేసిన ప్రశ్నతో ఇంకో పని ఉంది. ప్రశ్నలో ఒక షరతు తీసేయండి లేదా చేర్చండి: 'పూర్ణసంఖ్య' తీసేస్తే? 'ధన సంఖ్య' చేరిస్తే? జవాబు ఏ ఆప్షన్‌కి మారుతుందో చెప్పండి. కొత్త ప్రశ్నలు వంద చేయడం కన్నా పాతవి ముప్పై ఇలా తిప్పి చూడటం మేలని మా అభిప్రాయం.

మూడో వారం గడియారం. ఐసెట్‌వాళ్లు 20 ప్రశ్నలు 15 నిమిషాల్లో, ఒకే బిగిన. జీమ్యాట్‌వాళ్లు రెండు నిమిషాలు దాటిన ప్రశ్న పక్కన గుర్తు పెట్టుకుంటూ. గైడ్లలో కీ తప్పు పడటం కొత్తేమీ కాదు. మీ రఫ్‌లో రెండు విలువలూ స్పష్టంగా ఉండి, కీ 'చాలు' అంటుంటే, ఇంకోసారి సరిచూసి మీ లెక్కనే నమ్మండి.

13. పరీక్ష రోజు రఫ్ మీద రాసుకునే చెక్‌లిస్టు

- విలువా? అవును–కాదా?
- షరతులు: పూర్ణం? ధనం? సున్నా కాదా?
- కుదించిన ప్రశ్న ఒక్క లైను
- (1) ఒక్కటే: ఏడీ / బీసీఈ
- (2) ఒక్కటే, (1) మూసి
- రెండూ చాలకపోతేనే కలపడం
- రెండు సమీకరణాలూ ఒకటే కాదు కదా?
- 0, −1/2 వేసి చూశానా?
- ఆప్షన్ల వరుస ఈ పరీక్షదేనా?